కాలేజీ బేస్‌బాల్ కోచ్ మాజీ మేజర్ లీగ్ ఆటగాడైతే పిల్లలకి నిజంగా లాభమా?

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడ కాలిఫోర్నియాలో హైస్కూల్ టీమ్‌లో పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు). కాలేజీల గురించి వెతుకుతుంటే మేజర్ లీగ్‌లో (అమెరికాలో అగ్రస్థాయి ప్రొఫెషనల్ బేస్‌బాల్) ఆడిన టోనీ గ్విన్ దగ్గర ఆగిపోయాను. శాన్ డియాగో పాడ్రెస్ ఒక్క టీమ్‌కే 20 సీజన్లు, 3,141 హిట్లు, 8 సార్లు బ్యాటింగ్ టైటిల్ (సీజన్‌లో లీగ్‌లోనే అత్యధిక బ్యాటింగ్ సగటు ఉన్నవాళ్లది). 2001లో రిటైరయ్యాక తను చదువుకున్న శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీకే వెళ్లి, 2014లో చనిపోయేదాకా అక్కడే హెడ్ కోచ్‌గా ఉన్నారు. అంత పేరున్న మనిషి కాలేజీ కుర్రాళ్లతో కూర్చోవడమే నాకు ముచ్చటేసింది.

నా సందేహం వేరే. ఆయన బ్యాటర్. తన బ్యాటింగ్‌ని వీడియోలో పదే పదే చూసుకుని సరిదిద్దుకునే రకం. కానీ ఆయన టీమ్ నుంచి 2009 డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేది) మొదటి పిక్‌గా వెళ్లిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ మాత్రం పిచ్చర్! మరి పిచ్చర్లని చూసుకునేది పిచింగ్ కోచేనా? హెడ్ కోచ్ పేరుకి ఎంత విలువ ఇవ్వాలి? మావాడేమో పెద్ద పేరున్న కోచ్ కావాలంటాడు, నాకు ఫీజుల టెన్షన్.

పిల్లల్ని కాలేజీలో ఆడించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు కోచ్‌ని ఏం అడగాలి?