టోబాల్ మీద 10 శాతం బరువు ఉండి తీరాలా?

హ్యూమ్‌బండి (మెల్‌బోర్న్)
ఆస్ట్రేలియాలో క్యారవాన్ (బండి వెనక తగిలించే చక్రాల ఇల్లు) లాగేవాళ్ళకు ఒక ప్రశ్న. మాది రెండు ఇరుసుల వ్యాన్, ఏటీఎం 2500 కిలోలు. (డబ్బులు తీసే ఏటీఎం కాదు. సామానుతో సహా వ్యాన్ ఎంత బరువు ఉండొచ్చో ప్లేటు మీద కొట్టిన గరిష్ఠం.) సర్దుడంతా అయ్యాక అసలు బరువు 2300. కప్లింగ్ (వ్యాన్ ముందు కొసన లాగే బండికి తగిలించే భాగం) కింద తూస్తే 160, అంటే వ్యాన్ బరువులో 7 శాతం. లాగేది డబుల్ క్యాబ్ యూట్ (వెనక సామాను ట్రే ఉండే పికప్ బండి), దాని టోబాల్ (కప్లింగ్ కూర్చునే ఇనుప గుండు) మీద పడే బరువుకి పరిమితి 350. వ్యాన్ వెనక బంపర్ మీద రెండు ఈ-బైకులున్నాయి, స్టాండుతో కలిపి 62 కిలోలు. ఇక్కడ ఎవరినడిగినా 10 శాతం అంటారు. ఇంగ్లండువాళ్ళేమో 5 నుంచి 7 చాలంటారు. ముందు డ్రాబార్ (వ్యాన్ నుంచి కప్లింగ్ దాకా ఉండే చట్రం) మీది పెట్టెలో ఇంకో 90 కిలోలు వేసి 10కి తెమ్మంటారా, 7తో వెళ్ళిపోవచ్చా?

తూనికరాయి (బ్రిస్బేన్)
10 ఉండాల్సిందే. 7తో 80లో వెళ్తే ఏమీ తెలియదు. 100లో దిగుడు రోడ్డు మీద, పక్కనుంచి రోడ్ ట్రెయిన్ (వరసగా ట్రైలర్లు లాగే పెద్ద లారీ) దూసుకుపోతే అప్పుడు తెలుస్తుంది. ఊగే వ్యాన్ తనంతట తాను సర్దుకునే గుణం వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది. ఒక వేగం దాటాక ఊగుడు తగ్గడం మాని పెరుగుతుంది. ఆ వేగం ఎంతన్నది ముందు బరువును బట్టి కూడా ఉంటుంది. టోబాల్ మీద బరువు తగ్గితే ఆ గీత కిందికి దిగి, మీరు రోజూ నడిపే వేగం దగ్గరికి వస్తుంది. పరిమితి 350 ఉండగా 160తో ఆపడమెందుకు?

నొగలు (లీడ్స్)
అన్నా, వేగం మాట ఒప్పుకుంటా, శాతం మాట ఒప్పుకోను. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు పలుపులు బిగుస్తాయి, మరీ ముందుకి పడితే మెడలు దిగబడతాయి. అందుకే నొగల మీద కాస్త మొగ్గు ఉండేలా సర్దేవాళ్ళు. ఆ కాస్త ఎంతన్నది బండిని బట్టి, దారిని బట్టి. యూరప్ కార్లలో చాలావాటికి టోబాల్ పరిమితి 75 నుంచి 100 కిలోలే. 1500 కిలోల వ్యాన్‌కి 10 శాతం పెట్టాలంటే 150 కావాలి, కారే ఒప్పుకోదు. జర్మనీ రూల్ అడిగే కనీసం 4 శాతం, అదీ 25 కిలోలకు మించి అడగదు. అయినా అక్కడ లక్షల వ్యాన్లు తిరుగుతున్నాయి.

తూనికరాయి
తిరుగుతున్నాయి, ఏ వేగంతో? ఇంగ్లండులో క్యారవాన్ తగిలిస్తే మోటార్‌వే మీద గంటకు 60 మైళ్ళు, అంటే 96 కిలోమీటర్లు. మామూలు రోడ్డు మీద 50 మైళ్ళే. పైగా మీ వ్యాన్లలో చాలావాటికి కప్లింగ్‌లోనే టోబాల్‌ని బిగించి పట్టే ఫ్రిక్షన్ స్టెబిలైజర్ ఉంటుంది. ఒంటి ఇరుసు, తేలికపాటి బాడీ. మా వ్యాన్లకి వెనక బంపర్ మీద రెండు స్పేర్ చక్రాలు, ముందు పెట్టె, గ్యాస్ సిలిండర్లు. మీ లెక్క తెచ్చి మా బండికి కట్టకండి.

నొగలు
సరిగ్గా అక్కడికే వస్తున్నా. మీ వ్యాన్లకి రెండు చివర్లా బరువు. ఇంటర్ ఫిజిక్సులో చదివిన జడత్వ భ్రామకం గుర్తుంది కదా, బరువును దూరం వర్గంతో గుణించడం. హ్యూమ్‌బండి గారూ, ఇరుసుల మధ్య నుంచి బైకుల దాకా ఎంత, టోబాల్ దాకా ఎంత?

హ్యూమ్‌బండి
రెండు ఇరుసుల మధ్య బిందువు నుంచి టోబాల్‌కి 5.2 మీటర్లు. వెనక్కి బైకులకి 3.6. ముందు పెట్టె ఇరుసుకి 4.2 మీటర్ల ముందు.

నొగలు
62 కిలోలు, 3.6 మీటర్లు. 62 × 3.6 ÷ 5.2, దాదాపు 43. అంటే ఆ బైకులు ఒక్కటే టోబాల్ మీద నుంచి 43 కిలోలు ఎత్తేస్తున్నాయి. వాటిని వ్యాన్ మీద నుంచి దించేయండి. ముందు బరువు 203 అవుతుంది, మొత్తం 2238. 9 శాతం వచ్చేసింది, ఒక్క కిలో కలపకుండానే.

మీరనుకున్నట్టు చేస్తే ఏమవుతుందో చూడండి. 160ని 230 చేయాలంటే 70 పెరగాలి. పెట్టె టోబాల్ మీద కాదు, దానికి మీటరు వెనక ఉంది కాబట్టి 70 × 5.2 ÷ 4.2, సుమారు 87 కిలోలు వేయాలి. దాంతో మొత్తం 2387 అవుతుంది, అప్పుడు 230 అంటే 9.6 శాతమే, 10 కూడా కాదు. ఇక జడత్వం: బైకులవి 62 × 3.6 × 3.6, దాదాపు 800. పెట్టెలో వేసినవి 87 × 4.2 × 4.2, ఇంకో 1500 పైన. అదే 62 కిలోలు ఇరుసుకి అర మీటరు దూరంలో నేల మీద పెడితే 15 లేదా 16. తూకం చూస్తే బాగానే ఉంటుంది, బండి మాత్రం కావడి అయిపోతుంది. రెండు చివర్లా కుండలు వేలాడే కావడి కదలడానికి టైం పడుతుంది, ఒకసారి ఊగితే ఆపడానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది.

తూనికరాయి
ఇది బాగుంది, కాదనను. చివర్లలో బరువు పెట్టి 10 శాతం చూపించేవాళ్ళని నేనూ సమర్థించను. అయితే కొత్తవాళ్ళకి జడత్వ భ్రామకం చెబితే ఎవరు కొలుస్తారు? 10 శాతం అంటే స్కేలు ఒకటి చాలు.

రెండు టైర్లు (పెర్త్)
స్కేలు సంగతి వచ్చింది కాబట్టి. చాలామంది జాకీ వీల్ (విప్పినప్పుడు వ్యాన్ ముందు భాగాన్ని మోసే చిన్న చక్రం) కింద తూస్తారు, అది తప్పు లెక్క. జాకీ వీల్ టోబాల్‌కి 80 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి, ఈ వ్యాన్‌లో అది ఇరుసుకి 4.4 మీటర్లు. అక్కడ 160 చూపిస్తే కప్లింగ్ దగ్గర అసలు 135 మాత్రమే. అంటే 6 శాతం కూడా లేదు.

టోబాల్ స్కేలు లేకపోతే ఇంట్లో బరువు చూసుకునే స్కేలు చాలు. నేల మీద ఒక ఇటుక, దానికి 90 సెంటీమీటర్ల దూరంలో స్కేలు. రెండింటి మీదా ఒక్కో పైపు ముక్క అడ్డంగా పెట్టి, వాటి మీద గట్టి పలక వేయాలి. ఇటుక మీది పైపు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర పలక మీద కర్ర నిలబెట్టి దాని మీదికి కప్లింగ్ దించాలి. స్కేలు చూపించిందాన్ని 3తో గుణించాలి. 53 చూపిస్తే 159 అన్నమాట. ఉత్త పలకకి స్కేలు చూపించేది ముందే చూసి, గుణించక ముందే తీసేయండి. చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టాకే జాకీ వీల్ ఎత్తాలి. తూచేటప్పుడు కప్లింగ్ యూట్ మీద ఉండే ఎత్తులోనే ఉండాలి, వ్యాన్ సమంగా ఉండాలి.

వేబ్రిడ్జి మీద రెండుసార్లు తూచి తీసివేసే పద్ధతి మొత్తం బరువుకి పనికొస్తుంది, టోబాల్‌కి పనికిరాదు. 20 కిలోల మెట్లతో చూపించే వేబ్రిడ్జి అయితే ఒక్కో రీడింగ్‌లో 10 అటూ ఇటూ. రెండూ కలిస్తే మీ 160 అన్నది 140 నుంచి 180 దాకా ఏదైనా కావచ్చు.

ఇంకొకటి. తూచినప్పుడు నీళ్ళ ట్యాంకులు ఎలా ఉన్నాయి?

హ్యూమ్‌బండి
కప్లింగ్ దగ్గరే తూచాను, వ్యాన్ సమంగానే ఉంది. రెండు ట్యాంకులు, ఒక్కోటి 95 లీటర్లు. ఒకటి ఇరుసుకి 1.3 మీటర్ల ముందు, ఇంకోటి 0.9 మీటర్ల వెనక. తూచినప్పుడు వెనకది నిండుగా, ముందుది ఖాళీగా ఉన్నాయి.

రెండు టైర్లు
అసలు దొంగ దొరికాడు. వెనక 95 లీటర్లు 95 × 0.9 ÷ 5.2 లెక్కన 16 కిలోలు ఎత్తేస్తున్నాయి. అవే నీళ్ళు ముందు ట్యాంకులో ఉంటే 24 కిలోలు దింపుతాయి. ట్యాంకు మారిస్తే 40 కిలోల తేడా. బైకులు కూడా దించితే 160 + 43 + 40 = 243. మొత్తం 2238 మీద 10.9 శాతం.

వాడుకున్నాక? ముందుది కూడా ఖాళీ అయితే 219, మొత్తం 2143, అంటే 10.2. రెండూ ఖాళీ చేసినా 10కి పైనే ఉంది. ఒక ట్యాంకే నింపేటప్పుడు ముందుదే నింపాలి. రెండూ నింపితే వెనకది మొదట వాడేయాలి. సగం నిండిన ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ తొణుకుతాయి, కాబట్టి ప్రయాణంలో ఒకటి నిండుగా ఒకటి ఖాళీగా ఉండేలా చూసుకోవడం మేలు.

జీలాంగ్ కుర్రాడు
ఇంత లెక్క దేనికి అన్నా? వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొంటే 7 శాతమైనా బండి సమంగా నిలబడుతుంది కదా.

తూనికరాయి
తమ్ముడూ, సమంగా నిలబడటం వేరు, ఊగకపోవడం వేరు. ఆ హిచ్ కడ్డీలు చేసేదల్లా యూట్ వెనక ఇరుసు మీద పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకి, కొంత వ్యాన్ ఇరుసులకి పంపడం. కప్లింగ్ కింద స్కేలు పెడితే 160 కిలోలు 160గానే ఉంటుంది. వ్యాన్ బరువు కేంద్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కొన్ని హిచ్‌లకు ఊగుడు తగ్గించే ఫ్రిక్షన్ ఏర్పాటు వేరుగా ఉంటుంది, అది మంచిదే. కాకపోతే సర్దుడు తప్పుని అది కప్పిపెడుతుంది. కొనేముందు యూట్ మాన్యువల్ చూడు, కొన్ని కంపెనీలు వద్దంటాయి లేదా బరువు పరిమితి పెడతాయి.

హిచ్ నిజంగా ఎక్కడ అక్కరకొస్తుందంటే 243 పెట్టాక. టోబాల్ యూట్ వెనక ఇరుసుకి 1.3 మీటర్లు బయటికి ఉండి, చక్రాల మధ్య దూరం 3.2 అయితే, వెనక ఇరుసు మీద 243 కాదు, 342 పడుతుంది. 99 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి. స్టీరింగ్ తేలికపడేది, రాత్రి ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో లైట్లు కొట్టేది అందుకే.

నొగలు
చూశారా, 10 శాతం ఊరికే రాదు. యూట్ జీవీఎంలో (మనుషులు, సామానుతో సహా యూట్ ఉండగల గరిష్ఠ బరువులో) ఆ 243 కూడా కలుస్తుంది. ట్రేలో క్యానపీ, ఫ్రిజ్, లోపల నలుగురు మనుషులు, ఇప్పుడు బైకులు. 3.5 టన్నులు లాగుతుందని బ్రోషర్లో ఉంటుంది, ఆ రోజు యూట్‌లో ఎంత సామాను మిగల్చాలో పెద్ద అక్షరాల్లో ఉండదు. వ్యాన్ తగిలించి యూట్ వెనక చక్రాలు మాత్రమే వేబ్రిడ్జి మీద పెట్టి తూచండి. ప్లేటు మీద రాసిన వెనక ఇరుసు పరిమితితో పోల్చండి. మొదట పరిమితి తగిలేది అక్కడే.

హ్యూమ్‌బండి
బైకులు ట్రేలో ఎక్కడ పెట్టాలి? తలుపు దగ్గర అయితే దించుకోవడం తేలిక.

రెండు టైర్లు
తేలికే, కానీ తలుపు దగ్గరంటే వెనక ఇరుసు దాటి బయట. మళ్ళీ ముందు చక్రాలు లేస్తాయి. క్యాబ్ గోడకి ఆనించి నిలబెట్టి కట్టండి, బ్యాటరీలు తీసి క్యాబ్‌లో పెట్టండి. వ్యాన్‌లో డబ్బాలు, పనిముట్లు, ఆనింగ్ గుడ్డ లాంటి బరువులు ఇరుసు మీద నేల మీదే. పై అరల్లో దుప్పట్లు, బట్టలు. మనవాళ్ళ వ్యాన్లలో పాతిక కిలోల బియ్యం బస్తా, కుక్కర్, గ్రైండర్ తప్పకుండా వెనక వంటగది అరల్లోనే ఉంటాయి. ప్రయాణం రోజు వాటిని నడుమకి తేవాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. యూట్ వెనక టైర్లలో తక్కువైతే పక్క గోడలు వంగి, తోక ఆడటం అక్కడ నుంచే మొదలవుతుంది.

తూనికరాయి
2000 కిలోలు దాటింది కాబట్టి అన్ని చక్రాలకూ బ్రేకులు, తెగిపోతే తనంతట తాను పట్టే బ్రేక్‌అవే ఎలాగూ ఉండాలి. బ్రేక్ కంట్రోలర్ మీద చేతి మీట ఎక్కడుందో చూడకుండా అందాలి. వ్యాన్ ఊగితే యాక్సిలరేటర్ వదిలి, ఆ మీటతో వ్యాన్ బ్రేకులు మాత్రమే నెమ్మదిగా వేయాలి. స్టీరింగ్ సూటిగా పట్టుకోవాలి. కాలి బ్రేకు గట్టిగా తొక్కితే యూట్ ముందు ఆగుతుంది, వ్యాన్ పక్కకి తోస్తుంది. స్పీడు పెంచితే సర్దుకుంటుందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. క్షణం పాటు సర్దుకున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత అదే ఊగుడు ఇంకో 10 కిలోమీటర్ల ఎక్కువ వేగంలో వస్తుంది.

ఇంతకీ లెక్క 10.9కి వచ్చింది. నేను మొదట్నుంచీ చెప్పిందీ అదేగా.

నొగలు
వచ్చింది, మీరు చెప్పిన దారిలో కాదు. పెట్టెలో 87 కిలోలు వేసి వచ్చుంటే నేను ఆ బండి వెనక నడపను.

హ్యూమ్‌బండి
వెనక ట్యాంకు ఖాళీ చేస్తున్నా. బైకులు దించి, క్యాబ్ గోడకి కట్టాక యూట్ వెనక ఇరుసు తూకం ఇక్కడ పెడతాను.