ఇంక్యుబేటర్‌లో బల్బు వెలగగానే ఎల్‌ఎం35 రీడింగ్ ఎగిరిపడుతోంది

పొదుగుపెట్టె:
నాటుకోడి గుడ్లు పొదిగించే పెట్టెకు ఆర్డుయినో యూనో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న బోర్డు), వేడిని కొలిచే ఎల్‌ఎం35 సెన్సర్, బల్బును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చుగా ఒక రిలే మాడ్యూల్ వాడుతున్నాను. వేడి 37.5 డిగ్రీలకు చేరితే బల్బు ఆరిపోవాలి, తగ్గితే వెలగాలి. కానీ బల్బు వెలిగిన మరుక్షణమే రీడింగ్ 39కి ఎగురుతోంది, రిలే వదిలేయగానే మళ్లీ 37 దరికి దిగుతోంది, దాంతో రిలే ఆగకుండా టకటకలాడుతోంది. అనలాగ్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టినా మార్పు రాలేదు. బోర్డుకు ఫోన్ ఛార్జర్ నుంచి కరెంటు ఇస్తున్నాను.

ఓం_శిష్యుడు:
నాయిస్ అయితే రీడింగ్ అటూఇటూ చెదురుతుంది. మీరు చెప్పినట్లు ఒకవైపే జరిగి అక్కడే నిలబడితే ముందు రెఫరెన్స్‌ను, అంటే బోర్డు కొలతకు ఆధారంగా తీసుకునే వోల్టేజీని అనుమానించాలి. బల్బుకు వెళ్లే 230 వోల్టుల లైను పూర్తిగా తీసేసి, రిలేను మాత్రమే ఆన్ చేసి, 5 వోల్టుల పిన్ను దగ్గర మల్టీమీటరుతో చూసి చెప్పండి.

పొదుగుపెట్టె:
బల్బు లేకపోయినా రీడింగ్ అలాగే ఎగురుతోందండి. రిలే ఆఫ్‌లో ఉంటే 4.98 వోల్టులు, ఆన్ అయితే 4.79 చూపిస్తోంది.

ఓం_శిష్యుడు:
దోషం అక్కడే ఉంది. ఎల్‌ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, సరఫరా వోల్టేజీ ఎంతైనా ఆ లెక్క మారదు. బోర్డులో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ మాత్రం దానిని 5 వోల్టుల లైనుతో పోల్చి కొలుస్తుంది. కొలబద్ద కుంగితే కొలత పెరుగుతుంది కదా, 4.98 నుంచి 4.79కి దిగితే 37.5 దగ్గర దాదాపు డిగ్రీన్నర ఎక్కువ కనిపిస్తుంది. లోపలి 1.1 వోల్టుల రెఫరెన్స్‌కు మారండి. మరో లాభం కూడా ఉంది: 5 వోల్టులతో ఒక్కో మెట్టు దాదాపు అర డిగ్రీ, 1.1తో డిగ్రీలో పదో వంతు. మారిన తర్వాత వచ్చే మొదటి కొన్ని రీడింగులను వదిలేయండి, రెఫరెన్స్ వోల్టేజీ ఉండే ఏరెఫ్ పిన్నుకు బయటి వోల్టేజీ ఏదీ కలపకండి.

తీగలవాడు:
గ్రౌండ్‌ను కూడా చూడండి. రిలే, సెన్సర్ ఒకే జంపర్ వైరు మీదుగా గ్రౌండ్‌కు చేరుతుంటే, 70 మిల్లీయాంపుల కాయిల్ కరెంటుకు 0.1 ఓము నిరోధం అడ్డుపడినా 7 మిల్లీవోల్టులు, అంటే 0.7 డిగ్రీ కలుస్తుంది. సెన్సర్ గ్రౌండ్‌ను విడిగా బోర్డు దాకా తెచ్చుకోవడం మంచిది. ఇక ఆ కెపాసిటర్ సంగతి: ఎల్‌ఎం35 అవుట్‌పుట్ నేరుగా మోయగలిగేది 50 పికోఫారడ్లే, అంతకు మించితే అది ఆసిలేట్ కావచ్చు, అంటే అవుట్‌పుట్ దానంతటదే ఊగిసలాడవచ్చు. మధ్యలో 2 కిలో ఓముల రెసిస్టర్ వేసి, ఆ తర్వాత కెపాసిటర్ పెట్టండి. యూనో చిప్పు అనలాగ్ పిన్నుకు ముందు ఉండే నిరోధానికి సూచించిన 10 కిలో ఓముల పరిమితి లోపలే ఉంటారు.

హెర్ట్జ్50:
ఆ రెసిస్టర్, కెపాసిటర్ కలిసిన ఫిల్టర్ కటాఫ్ (అంతకు పైనున్న తరంగాలనే అది తగ్గిస్తుంది) సుమారు 800 హెర్ట్జ్ కనుక మెయిన్స్ హమ్మును, అంటే ఇంటి కరెంటు లైను నుంచి వచ్చి కలిసే 50 హెర్ట్జ్ అలజడిని అది ఆపలేదు. బల్బు వైర్లకు ఆనుకుని సెన్సర్ తీగ వెళుతుంటే దూరం జరిపి, మెలిపెట్టి, ఆపైన 20 మిల్లీసెకన్ల పాటు ఆగకుండా చదివి సగటు తీయండి. 50 హెర్ట్జ్ తరంగం ఒక పూర్తి చుట్టు తిరగడానికి అంతే సమయం పడుతుంది కాబట్టి హమ్ము దాదాపుగా రద్దవుతుంది. ఏదో పది రీడింగుల సగటుతో ఈ పని జరగదు.

పొదుగుపెట్టె:
రెఫరెన్స్ మార్చి, గ్రౌండ్ విడదీయగానే ఆ ఎగురుడు పోయిందండి. సగటు పెట్టాక మిగిలిన చిన్న చెదురు కూడా సర్దుకుంది. అయితే పక్కనున్న థర్మామీటరు కంటే ఎప్పుడూ అర డిగ్రీకి పైగా ఎక్కువే చూపిస్తోంది.

ఓం_శిష్యుడు:
ఆ 1.1 అన్నది పేరుకే, చిప్పును బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండవచ్చు. ఏరెఫ్ పిన్ను దగ్గర మీటరుతో కొలిచి ఆ అంకెనే కోడ్‌లో వేయండి. రిలే ఆన్, ఆఫ్ హద్దుల మధ్య 0.3 డిగ్రీల ఎడం కూడా ఉంచండి.