ఎలాకిస్టా ప్యూపాలు ఎండిపోతున్నాయి, తేమ ఎలా నిలపాలి?

ఉత్తర యూరప్ తడినేలల్లో దుబ్బులుగా పెరిగే డెషాంప్సియా సెస్పిటోసా గడ్డి మీద, దాని ఆకు లోపల తొలిచి తినే ఎలాకిస్టా లార్వాలను పెంచుతున్నాను. ఎలాకిస్టా అంటే సీతాకోకచిలుక లాంటి చిన్న మాత్; దాని లార్వా (పురుగు) మాత్‌గా మారే ముందు ప్యూపా దశలో ఉంటుంది. గడ్డి ఇదేనా అన్న విషయంలో సందేహం లేదు: ఆకు పైన నిలువు గట్లు, కొన నుంచి మొదలుకు వేలు జారిస్తే అంచు గరగరమంటుంది, ఆకు మొదట్లో మొనదేలిన పొర ఉంది.

ఏప్రిల్ చివర్లో 14 లార్వాలు తెచ్చాను. మొదట కోసిన ఆకులు మూత డబ్బాలో పెట్టాను. ఈ గడ్డి ఆకు ఎండితే నిలువునా ముడుచుకుంటుంది, లోపలి లార్వా నలిగిపోతుంది. అలా 3 పోయాయి. తడి దూది పెడితే నాలుగో రోజుకే బూజు. మిగతా 11 లార్వాలను కుండీలోని దుబ్బు మీదకు మార్చి వల కట్టాను. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే, అవి తొలిచిన తెల్లటి చారలో అవి కదలడం కనిపించేది. అన్నీ ప్యూపాలయ్యాయి.

చిక్కంతా ఆ తర్వాతే. ఇవి ఆకు లోపల కాదు, బయటికొచ్చి పట్టుదారంతో ఆకుకు అంటుకుని ప్యూపాలవుతాయి, అందుకే గాలికి త్వరగా ఆరిపోతాయనుకుంటున్నాను. గది ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, తేమ 60 శాతం. పదో రోజుకు 6 ప్యూపాల పొట్టభాగం కుంగిపోయింది. రెండింటిని కోసి చూస్తే పరాన్నజీవి కందిరీగ జాడ లేదు, రెక్కలు ఏర్పడి ఎండిపోయాయి. నీళ్లు చల్లితే చుక్క నిలిచిన 2 నల్లబడ్డాయి. 3 మాత్రమే మాత్‌లుగా బయటికొచ్చాయి.

ఎలాకిస్టా పెంచినవాళ్లు చెప్పండి: ప్యూపా దశలో బూజు రాకుండా తేమను ఎంత శాతం దగ్గర, ఏ పద్ధతిలో నిలుపుతున్నారు?