నోట్లో గుడ్లున్న జెల్లని పట్టొచ్చా?

ఉప్పుగాలి:
సముద్రపు జెల్లల్లో గుడ్లు సాకేది మగ చేప. ఆడది పెట్టిన గుడ్లని నోట్లోకి తీసుకుని, పిల్లలై ఈదేదాకా వారాల తరబడి మోస్తుంది. అన్నాళ్లూ మేత ముట్టదు. అలాంటిది వలలో పడితే తిరిగి నీళ్లలో వదలాలని రూల్ పెట్టాలి. ఏమంటారు?

పులుసుప్రియుడు:
తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమని 61 రోజులు బోట్లు కట్టేస్తున్నారుగా, ఇంకెన్ని రూల్సండీ? గుడ్లు ఏ చేపకి లేవు, కవ్వలకి లేవా?

గట్టుమీదోడు:
కవ్వలతో పోలికేంటి సార్! కవ్వ వేలల్లో పెట్టి వదిలేస్తుంది. జెల్ల గుడ్డు గోళీకాయంత ఉంటుంది, పెట్టేది పదుల్లోనే. అందుకే మంద మీద దెబ్బ పడితే త్వరగా కోలుకోదు. కర్ణాటకలో జరిగిందదే. 1970ల్లో మంగళూరు, మల్పె వైపు రింగు వలలు (మందని చుట్టి అడుగున బిగించే పెద్ద వలలు) వచ్చాక, గుడ్లు మోస్తున్న మగ జెల్లల మందల్ని చుట్టేసి టన్నుల కొద్దీ దించారు. గుడ్లూ పిల్లలూ డెక్కు మీదే పోయాయి. కొన్నేళ్లకే అక్కడ జెల్ల వేట పడిపోయింది.
అలాగని ఉప్పుగాలి గారి రూల్‌తోనూ పని జరగదు. వల బిగిస్తే చాలు, చేప గుడ్లు కక్కేస్తుంది. ఇక వదిలి ఏం లాభం?

ఉప్పుగాలి:
చేప బతికితే వచ్చే ఏడు మళ్లీ మోస్తుందిగా అన్నా?

జాలరిపేట కుర్రాడు:
బతికితే కదా. మా నాన్నది చిన్న వలల పడవ, రింగు బోటు కాదు. జెల్లకి వీపు మీద ఒకటి, రెక్కలకి రెండు ముళ్లు, రంపంలా ఉంటాయి. వలలో చిక్కితే విడదీయడానికే టైం పడుతుంది, ఈలోపు చచ్చిపోతుంది. పైగా గుచ్చుకుంటే విషం, చెయ్యి వేడినీళ్లలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. మాకు పడే నాలుగు జెల్లల మీద రూల్ పెట్టి రింగు బోట్లని వదిలేస్తే ఊరుకోం.

గట్టుమీదోడు:
తమ్ముడు చెప్పింది కరెక్ట్. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల గొడవ ఒడ్డుకి ఎంత దూరంలో వేయాలి, వల కన్ను ఎంతుండాలి అన్నదాని మీదే ఎక్కువ నడిచింది. నా మాట ఒక్కటే: మగవి గుడ్లు మోసే నెలల్లో జెల్ల మందని రింగు వలతో చుట్టకూడదు. వల వేశాక చేసేది ఏదీ ఉపయోగపడదు.

పులుసుప్రియుడు:
దానికైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ నీళ్లలో ఉన్న మంద జెల్లదో కాదో ముందే ఎవరు చెప్తారండీ?