కవచం సొట్టలు, కత్తి విరగడం: ఫైటర్ నష్టపోని హౌస్ రూల్ ఎట్ల పెట్టాలి?

అలిపిరి_మెట్లు:
మాది తిరుపతి టేబుల్. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్‌తో ఆడే కథల ఆట) 5వ ఎడిషన్, అందరూ 5వ లెవెల్. కథ శేషాచలం లాంటి అడవిలో నడుస్తా ఉంది, కమ్మరి కావాలంటే రెండు దినాలు నడిచి కోట దగ్గరికి దిగాల్సిందే. అందుకే సామాను పాడవడం ఆటలో తగలాలి. ఇప్పుడు మా టేబుల్‌కి మేమే పెట్టుకున్న రూలు (హౌస్ రూల్): దాడికి వేసే 20 ముఖాల డైస్‌లో 1 పడితే ఆయుధం విరుగుతాది, శత్రువుకి 20 పడితే కవచం ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 1 తగ్గుతాది. దెబ్బంతా ముందుండి ఆయుధంతో కొట్టే ఫైటర్ మీదే పడతా ఉంది. ఎట్ల మార్చేది?

కొండమిట్ట_డీఎం:
అన్నా, మొదట ఆ 1 రూలు తీసేయండి. ఒక్క దాడికి 1 పడే అవకాశం 5 శాతం. మీ ఫైటర్ టర్నుకి రెండుసార్లు కొడతాడు కాబట్టి అది 9.75. 11వ లెవెల్లో మూడు దాడులకి 14 దాటుతాది. చేయి తిరిగేకొద్దీ కత్తి ఎక్కువ విరగడమేంది? పక్కన విజర్డ్ (మంత్రగాడు) ఫైర్‌బాల్ మంత్రం వేస్తే దాడి డైసే లేదు, సేవ్ (తప్పించుకునే డైస్) వేసేది ఎదుటోళ్లు.

కవచం లెక్కా అంతే. ముందు నిలబడినోడి మీద రౌండుకి 4 దాడులు, 4 రౌండ్లు అనుకోండి. ఆ 16 దాడుల్లో కనీసం ఒక 20 పడే అవకాశం 56 శాతం.

కాబట్టి పాడవడాన్ని ఆటగాడి చేతికే ఇయ్యండి. శత్రువుకి 20 పడినప్పుడు ఆటగాడు "సొట్ట" అంటే క్రిట్ (20 పడితే డ్యామేజ్ డైస్ రెట్టింపయ్యే దెబ్బ) మామూలు దెబ్బ అయిపోతాది, కవచం ఏసీ 1 తగ్గుతాది. ఓగర్ అనే రాక్షసుడి గద 2డీ8+4 (8 ముఖాల డైస్ రెండు వేసి 4 కలపడం), సగటు 13. క్రిట్ అయితే 22. ఒక సొట్టకి 9 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) మిగులుతాయి, దాని విలువ అంత. డ్యామేజ్ డైస్ వేయకముందే చెప్పాలి, చూసినాక చెప్తే కుదరదు.

హద్దు హెవీ కవచానికి 3 సొట్టలు, మీడియంకి 2, లైట్‌కి 1. నిండితే ఇంక సొట్ట అనే వీల్లేదు, కవచం మాత్రం పోదు. రస్ట్ మాన్‌స్టర్ (ఇనుముకి తుప్పు పట్టించే జంతువు) మాదిరి ఏసీ 10కి దిగితే నాశనం అని పెట్టారంటే 11 ఉండే లెదర్ ఒక్క దెబ్బకే పోతాది, 18 ఉండే ప్లేట్ ఎనిమిదో దెబ్బకి గానీ పోదు.

డాలుకి క్రిట్ దాకా ఆగక్కర్లేదు. ఏ ఆయుధం దెబ్బకైనా డాలు పగలగొట్టుకుంటే డ్యామేజ్ సున్నా. 10 బంగారు నాణేలే కదా అని గాడిద మీద పది డాళ్లు వేసుకొస్తారు, అదొక్కటి ముందే ఆపండి. మనిషికి ఒకటే అదనం. దాన్ని తొడుక్కోవడానికి ఒక యాక్షన్ పోతాది, అది పుస్తకం రూలే.

పాకాల_జంక్షన్:
రిపేరు చెప్పకపోతే ఇదంతా సగమే. కమ్మరి పనిముట్లు 20 నాణేలు, 8 పౌండ్లు. వాటితో ఒక లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్ర) ఒక సొట్ట సరి, ఖర్చు కవచం ధరలో 5 శాతం. 75 నాణేల చైన్ మెయిల్‌కి 4 నాణేల లోపే, 1500 ప్లేట్‌కి 75. షార్ట్ రెస్ట్‌లో (గంట విరామం) సరిచేయనిస్తే మాత్రం సొట్టకి విలువే ఉండదు.

మెండింగ్ మంత్రం దగ్గర జాగ్రత్త. వేయడానికి ఒక్క నిమిషం, అడుగు లోపు చీలికైతే అతికిస్తాది. అట్లే వదిలేస్తే మూడు నిమిషాల్లో మూడు సొట్టలూ మాయం. అట్లని నిషేధిస్తే ఆ క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేసుకునే చిన్న మంత్రం) తీసుకున్నోళ్లకి అన్యాయం. మెండింగ్ ఉంటే ఖర్చు సున్నా, రాత్రికి ఒక సొట్ట హద్దు మాత్రం అట్లే ఉండాలి.

స్వర్ణముఖి_ఒడ్డు:
పైన చెప్పిన సొట్ట రూలుతో ఒక చిక్కు ఉంది. క్రిట్‌ని మామూలు దెబ్బ చేయడం అడమంటైన్ (చాలా గట్టి లోహం) కవచం ప్రత్యేకత. అది అందరికీ ఇస్తే దాని విలువ పోతాది. అడమంటైన్‌కి సొట్టే పడదని రాసుకోండి. మ్యాజిక్ కవచానికి సొట్ట పడనీండి, లేకుంటే అది తొడిగినోడికే ఈ వెసులుబాటు ఉండదు. తెల్లారేసరికి ఒకటి దానంతటదే సరవుతాది అనండి చాలు.

లెక్కకి పెన్సిల్ వద్దు, చెరిపి చెరిపి షీటు చినుగుతాది. చింతగింజ ఒక పక్క గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీసి, హెవీకి మూడు, మీడియంకి రెండు, లైట్‌కి ఒకటి షీటు మీద పెట్టండి. నల్ల పక్క పైనుంటే బాగున్నట్టు, తెల్ల పక్క పైకొస్తే సొట్ట. ఎవరి ఏసీ ఎంతో డీఎంకి (ఆట నడిపేవాడికి) ఎదురుగా ఉన్నా కనబడతాది.

అలిపిరి_మెట్లు:
సరే, 1 రూలు తీసేస్తా. మరి ఆయుధాలకి ఏమీ ఉండదా?

కొండమిట్ట_డీఎం:
ఉంటాది, అదీ ఆటగాడి ఇష్టమే. దెబ్బ తగిలినాక డ్యామేజ్ డైస్ మళ్లీ వేసుకోవచ్చు, బదులుగా కత్తికి ఒక నొక్కు, డ్యామేజ్ 1 తక్కువ. ఐదు నొక్కులైతే కత్తి పోయినట్టే. విల్లుకి ఇది వద్దు. పోరాటం అయినాక ఒక నిమిషం వెతికితే వేసిన బాణాల్లో సగమే దొరుకుతాయి, ఊరు దూరమున్న మీ అడవిలో ఆ లెక్క గట్టిగా పట్టుకుంటే చాలు.