వాగనోవా వ్యాసంలో ‘డెమీ ప్లియే’కు ఏ తెలుగు మాట వాడాలి?

నర్తకిగా 1916లో వేదిక దిగి, 1921 నుంచి రష్యాలోని పెట్రోగ్రాడ్ బ్యాలే పాఠశాలలో పాఠాలు చెప్పి, గలీనా ఉలనోవా వంటి నర్తకులను తీర్చిదిద్దిన అగ్రిప్పీనా వాగనోవాపై తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఆమె జీవిత విశేషాలు రాయడం కష్టం కాలేదు. 1934లో వెలువడిన ఆమె పాఠ్యగ్రంథంలోని బోధన పద్ధతిని వివరించేటప్పుడు మాత్రం ‘డెమీ ప్లియే’ దగ్గర కలం ఆగిపోయింది.

పాదాలను పక్కలకు తిప్పి, మడమలు నేలను వదలకుండా, వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్లను పాదాల దిశలోనే సగం వంచి, నడుమ ఎక్కడా ఆగకుండా తిరిగి లేవడమే ఈ కదలిక. పైకి ఎగరడానికీ, అదురు లేకుండా దిగడానికీ ఇదే ఆధారం.

మొదట ‘అరమండి’ (కూచిపూడిలో మోకాళ్లు సగం వంచి కదలకుండా నిలిచే భంగిమ) అని రాశాను. కూచిపూడి నేర్చుకున్న ఇద్దరు మిత్రులు చదివి, నిలిచి ఉండే భంగిమ అనుకున్నారు. ‘మోకాళ్లు వంచడం’ అని మారిస్తే, నిజం చెప్పాలంటే, బడిలో గుంజీలు తీయిస్తున్నట్టు ధ్వనించింది. ‘ప్లియే’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట అర్థం వివరించాను. అయినా ఆ మాట 14 చోట్ల వస్తుంది కాబట్టి, నాట్యంతో పరిచయం లేని మా నాన్నగారు మూడో పేజీకి వచ్చేసరికి అర్థం మరిచిపోయి వెనక్కి తిప్పి చూసుకున్నారు.

కూచిపూడి నేర్పే గురువులు, నిలిచి ఉండే అరమండి నుంచి వేరు చేస్తూ, ఇలా వంగి వెంటనే లేచే కదలికకు తరగతిలో వాడే తెలుగు మాట ఏమిటి?