అప్‌డేట్: మా వీధిలో స్ట్రిప్ క్లబ్ సంగతి

తూర్పు లండన్‌లో మా ఇంటి పక్క మూతబడ్డ పబ్‌లో స్ట్రిప్ క్లబ్ పెడతామని తలుపుకి నోటీసు అంటించారు, ఎలా ఆపాలని పోయినసారి అడిగాను కదా. దరఖాస్తు పడ్డ 28 రోజుల్లోపే కౌన్సిల్‌కి అభ్యంతరం రాసి పంపాను. మన అనుమతి లేకుండా మన పేరు క్లబ్ వాళ్లకి చెప్పరట, ధైర్యం వచ్చింది. మీలో ఒకరన్నట్టు ‘అసభ్యం’ అంటే చెల్లదు, చుట్టుపక్కల ఏముందో చూస్తారు. అందుకే ఎదురుగా ఉన్న పిల్లల నర్సరీ, నైట్ డ్యూటీ చేసి మా ఆవిడ దిగే బస్‌స్టాప్ గురించి రాశాను.

కౌన్సిల్ విచారణలో ఒక డాన్సర్ లేచి, కాగితం పట్టుకున్న చేయి వణుకుతుండగా, “లైసెన్సున్న చోటే మాకు రక్షణ” అంది. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. అయినా నర్సరీ ఎదురుగా వద్దనే నా మాట.

లైసెన్సు ఇచ్చారు, ఏడాదికే. కిటికీలు మూసెయ్యాలి, పగలు తెరవకూడదు. రెన్యువల్‌కి మళ్లీ రాస్తాను.